ఉల్లి ఆకు మీద మందు నిలవడం లేదు, స్ప్రెడర్ మోతాదు పెంచాలా?

ప్రశ్న: ఉల్లిమడి

నమస్కారం. నా ఉల్లి పైరు గడ్డ ఊరే దశలో ఉంది. రెండు బెడదలు ఒకేసారి వచ్చాయి. మొవ్వులో తామర పురుగులు, ముదురు ఆకుల మీద ఊదా మచ్చ తెగులు. పురుగుకు స్పైనెటోరమ్, మచ్చకు మాంకోజెబ్, రెండూ ఒకే ట్యాంకులో కలిపి కొడుతున్నాను. 16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయరు, హాలో కోన్ నాజిల్.

వేరే ఏమీ కలపకుండా కొట్టినప్పుడు బొట్లు తామరాకు మీద నీళ్ళలా దొర్లిపోయాయి. మరుక్షణం చూస్తే ఆకు పొడిగా ఉంది. అందుకని సిలికాన్ రకం స్ప్రెడర్ (బొట్టును ఆకు మీద పరిచే ద్రవం) లీటరుకు 1 మి.లీ. చొప్పున కలిపి కొట్టాను. ఈసారి ఆకు మొదలు నుంచి కొస దాకా తడిసి నిగనిగలాడింది. వంగిన ఆకుల కొసల నుంచి నీరు కారింది. పురుగు తగ్గింది. మచ్చ మాత్రం కొత్త ఆకులకు పాకింది. ఎండిన తర్వాత దగ్గరగా చూస్తే మాంకోజెబ్ పసుపు పొడి ఆకంతా సమంగా లేదు, కొసల్లోనూ మొదట్లోనూ చారలుగా పేరుకుని ఉంది.

స్ప్రెడర్ ఇంకా పెంచితే మచ్చ మందు బాగా అంటుకుంటుందా? కొందరు షాంపూ గాని గిన్నెలు తోమే ద్రవం గాని కలిపితే చాలు అంటున్నారు, అది నిజమేనా? నాది బోరు నీరు, సబ్బు వేసినా సరిగా నురగ రాదు. తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: నాజిల్‌పని

ఉల్లిమడి గారూ, ఆ పసుపు చారలను గమనించి రాశారు చూడండి, జవాబు వాటిలోనే ఉంది. స్ప్రెడర్ పెంచకండి, తగ్గించండి. దానితోపాటు నీళ్ళు కూడా తగ్గించండి. మీ ఆకు మీద మందు నిలవకపోవడానికి ముందు ఒక కారణం ఉండేది, ఇప్పుడు దానికి పూర్తిగా ఎదురు కారణం వచ్చింది.

నేను స్ప్రేయర్లు సరిచూసే పని చేస్తాను. నాజిల్ అరిగిందా, పీడనం ఎంత ఉంది, నిమిషానికి ఎన్ని మి.లీ. పడుతోంది అని కొలవడం నా పని. పొలాల్లో తరచుగా వినే మాట "బాగా కారేదాకా కొట్టాం" అని. ఆ మాట వింటే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే కారిపోయిన ప్రతి బొట్టులోనూ మందు ఉంది. అది నేల పాలైంది. ఆకు మెరవడం మందు పడిందనడానికి గుర్తు కాదు.

కొంచెం వివరంగా చెబుతాను. మామూలు నీటి తలతన్యత, అంటే బొట్టును గుండ్రంగా పట్టి ఉంచే పైపొర బిగువు, మీటరుకు దాదాపు 72 మిల్లీన్యూటన్లు. మామూలు నాన్ అయానిక్ (విద్యుదావేశం లేని) స్ప్రెడర్ కలిపితే అది 30 దాకా దిగుతుంది. మీరు వాడిన సిలికాన్ రకాన్ని ట్రైసైలోక్సేన్ అంటారు. అది 20, 22 దాకా దించేస్తుంది. ఉల్లి ఆకు మీద సన్నని మైనపు స్ఫటికాలు నిండి ఉంటాయి, పైగా ఆకు నిటారుగా ఉంటుంది. 72 దగ్గర ఉన్న బొట్టుకు ఆ మైనం మీద పట్టు దొరకదు. 20 దగ్గర ఉన్న బొట్టు పల్చటి పొరగా ఆకంతా పాకుతుంది. ఇంతవరకు మీకు జరిగింది మంచే.

అయితే అంత పల్చగా పాకే ద్రవాన్ని ఆకు ఎక్కువ పరిమాణంలో మోయలేదు. గుండ్రని బొట్టు మందంగా నిలుస్తుంది, పల్చటి పొర నిలవదు. పొర ఏర్పడిన తర్వాత పడే ప్రతి చుక్కా కిందికే జారుతుంది. అందువల్ల సిలికాన్ కలిపిన రోజు కూడా పాత లెక్కలోనే నీళ్ళు పోస్తే, ఏమీ కలపని రోజు కన్నా తక్కువ మందు ఆకు మీద మిగిలే పరిస్థితి కూడా వస్తుంది. మాంకోజెబ్ నీటిలో కరగదు, సన్నటి పొడి రేణువులుగా తేలుతూ ఉంటుంది. కారే నీరు ఆ రేణువులను మోసుకుపోయి కొసల్లోనూ మొదట్లోనూ దించింది. మీరు చూసిన చారలు అవే.

పురుగు ఎందుకు తగ్గింది అంటే, తామర పురుగులు ఉండేది మొవ్వులో, లేత ఆకులు ఒకదానికొకటి అతుక్కుని ఉండే సందుల్లో. నాజిల్ నుంచి వచ్చే బొట్టు నేరుగా అక్కడికి చేరడం కష్టం. జారిన ద్రవం ఆ సందుల్లోకి చేరింది. పైగా స్పైనెటోరమ్ కొంతమేరకు ఆకు పొరల్లోకి ఇంకే మందు, చొచ్చుకుపోయే గుణమున్న స్ప్రెడర్ దానికి తోడ్పడుతుంది. మాంకోజెబ్ పని వేరు. అది ఆకు పైనే ఉండి, శిలీంధ్ర బీజం మొలకెత్తకుండా ఆపాలి. లోపలికి ఇంకితే ఉపయోగం లేదు, జారిపోతే అసలే లేదు. ఒకటి మొవ్వులోకి జారాలి, ఇంకొకటి ఆకు మీద కదలకుండా కూర్చోవాలి. ఆ రెండింటినీ ఒకే ట్యాంకులో పోసి ఒకే స్ప్రెడర్ కలిపితే ఏదో ఒకటి నష్టపోతుంది. మీ పొలంలో నష్టపోయింది మాంకోజెబ్.

నా సలహా: రెంటినీ విడదీయండి. పురుగు మందుకు సిలికాన్ స్ప్రెడర్, తక్కువ మోతాదులో. మచ్చ మందుకు అది వద్దు. దానికి ఎండాక పల్చటి పొరలా బిగిసి వానకు, మంచుకు తట్టుకునే స్టిక్కర్ కావాలి. కృత్రిమ లేటెక్స్ తోనూ, పైన్ చెట్టు జిగురు నుంచి తీసిన పినోలీన్ తోనూ తయారైన రకాలు ఉంటాయి. బొట్టు ఆకు మీద పట్టు దొరకనంతగా దొర్లుతుంటే కొద్దిగా నాన్ అయానిక్ స్ప్రెడర్ చేర్చవచ్చు. బొట్టు కొంచెం పరుచుకుని అక్కడే ఎండాలి, అంతకు మించి పాకనక్కర్లేదు.

మోతాదు గురించి. స్ప్రెడర్ అణువులు నీటి పైపొరలో ఖాళీ ఉన్నంతవరకే అక్కడ చేరతాయి. పైపొర నిండాక మిగిలినవి నీటిలోపల గుంపులు కట్టి ఊరికే ఉంటాయి. ఆ హద్దు దాటాక ఎంత పోసినా తలతన్యత ఇక తగ్గదు. పెరిగేది నురగ, ఆకు మాడే ప్రమాదం. సిలికాన్ రకాలు సాధారణంగా లీటరుకు 0.25 నుంచి 1 మి.లీ. మధ్య వాడతారు. ఉల్లికి 0.4 దగ్గర మొదలుపెట్టండి, అంటే మీ 16 లీటర్లకు 6.4 మి.లీ. సీసా మూతతో కొలవకండి, సూది లేని సిరంజి వాడండి. మామూలు నాన్ అయానిక్ రకాలకు మోతాదు ఎక్కువ, లీటరుకు 1 నుంచి 2.5 మి.లీ. దాకా. మందు లేబుల్ మీద వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. కొన్ని మందుల తయారీలోనే ఈ పదార్థాలు కలిపి ఉంటాయి, వాటికి అదనంగా ఏదీ చేర్చనక్కర్లేదు.

ఇక నీళ్ళు. పది పదిహేను మొక్కలు ఎంచుకోండి. ట్యాంకులో మంచినీళ్ళు, స్ప్రెడర్ మాత్రమే పోయండి, మందు వద్దు. మామూలు నడకతో కొట్టి చూడండి. కొసల నుంచి కారితే, పక్క మొక్కల మీద కాస్త వేగంగా నడిచి కొట్టండి. కారడం మొదలయ్యే స్థాయికి కొద్దిగా తక్కువలో ఆగండి. అదే మీ వేగం. ఆ వేగంతో కొలిచిన స్థలం మీద నడిచి, ట్యాంకులో ఎంత తగ్గిందో చూసి, మొత్తం పొలానికి ఎన్ని నీళ్ళు కావాలో లెక్కకట్టండి. మందు మాత్రం విస్తీర్ణం లెక్కన ఎంత అవసరమో అంతే పోయాలి, నీళ్ళు తగ్గాయని దాన్ని తగ్గించకూడదు. లేబుల్ చెప్పిన కనీస నీటి పరిమాణానికి దిగువకు కూడా వెళ్ళకండి.

నాజిల్ సంగతి కూడా చెప్పాలి, ఇది నా పని కాబట్టి వదలలేను. నాజిల్ నుంచి వచ్చిన బొట్టు ఆకును తాకి, పరుచుకోవాలా ఎగిరిపోవాలా అన్నది సెకనులో కొన్ని వేలవంతుల వ్యవధిలో తేలిపోతుంది. అంత కొద్ది సమయంలో స్ప్రెడర్ అణువులు కొత్త పైపొర దాకా చేరుకోలేకపోవచ్చు. అందుకే పెద్ద బొట్లు స్ప్రెడర్ ఉన్నా ఉల్లి మీద ఎగిరిపడతాయి. బొట్టు వ్యాసం సగమైతే అదే నీటి నుంచి 8 రెట్లు బొట్లు వస్తాయి, ఒక్కొక్కటీ మెత్తగా దిగుతుంది. అలాగని మరీ సన్నం చేయకండి. 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా చిన్న బొట్లు గాలికి కొట్టుకుపోతాయి, స్ప్రెడర్ వల్ల మామూలు నాజిళ్ళలో బొట్లు ఇంకా చిన్నవవుతాయి కూడా. స్ప్రెడర్ కలిపిన రోజు పీడనం కొంచెం తగ్గించుకోండి, గాలి ఉంటే ఆగండి. నాజిల్ రంధ్రం అరిగి ఉంటే ముందు దాన్ని మార్చండి, తర్వాతే మిగతా లెక్కలు.

జవాబు: రసాయన పాఠం

షాంపూ గురించి అడిగారు కాబట్టి నేను చెబుతాను, పై జవాబులో ఆ భాగం లేదు.

పంటకు సబ్బు వాడటం కొత్త సంగతి కాదు. 19వ శతాబ్దం చివర్లోనే కిరోసిన్, సబ్బు నీళ్ళు కలిపి చిలికి పురుగుల మీద కొట్టేవారు. అప్పట్లో వేరే మార్గం లేదు. ఇప్పుడు మీ బోరు నీటికి సబ్బు అసలు పనికిరాదు. నురగ రావడం లేదంటే నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్నాయని అర్థం. సబ్బు వాటితో కలిసి తెల్లటి తెట్టుగా విడిపోతుంది. ఆ తెట్టు నాజిల్ జల్లెడలో చేరుతుంది. సబ్బు అంతా అలా ఖర్చయ్యాక బొట్టును పరిచేది ఏదీ మిగలదు.

షాంపూలు, గిన్నెల ద్రవాలు సబ్బులు కావు గాని వాటిలో ప్రధానంగా ఉండేవి కూడా రుణావేశం గల డిటర్జెంట్లే. నురగ బాగా రావాలని వాటిని అలా తయారుచేస్తారు. మనకు నురగ శత్రువు: ట్యాంకు నిండినట్టు కనిపిస్తుంది, పంపు గాలి పీలుస్తుంది, పిచికారీ ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ పడుతుంది. వాటిలో ఉప్పు, సువాసన, చిక్కదనం కోసం కలిపినవి ఇంకెన్నో ఉంటాయి. జిడ్డు వదిలించడానికి చేసిన ద్రవం ఆకు మైనాన్ని కూడా వదిలిస్తుంది. ఆకు మైనం నీరు ఆవిరి కాకుండా కాపాడే పొర, తెగులును కొంతవరకు ఆపే పొర. ఊదా మచ్చ ఉన్న చేనులో దాన్ని దెబ్బతీయడం ఏ మాత్రం మంచిది కాదు.

నాన్ అయానిక్ అంటే ఆవేశం లేనివి. కాల్షియం ఉన్నా లేకున్నా వాటి పని అవి చేసుకుపోతాయి, మందులతోనూ సాధారణంగా తగవు పెట్టుకోవు. ఆవేశం ఎంత ముఖ్యమో చూడటానికి ఒక్క ఉదాహరణ: పారాక్వాట్, డైక్వాట్ అనే కలుపు మందుల అణువులకు ధనావేశం ఉంటుంది. వాటిలో రుణావేశపు డిటర్జెంటు పోస్తే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని మందు బలం పోతుంది. అందుకే వాటికి నాన్ అయానిక్ రకాన్నే చెబుతారు.

ఇంకో మాట. స్ప్రెడర్ మందు కాదు కాబట్టి హాని లేదనుకోకండి. గ్లైఫోసేట్ అనే కలుపు మందుతో కలిపి అమ్మే కొవ్వు అమీన్ రకం తోడు పదార్థం కప్ప పిల్లలకు, చేపలకు అసలు మందు కన్నా ఎక్కువ విషమని తేలింది. 2016లో యూరోపియన్ యూనియన్ గ్లైఫోసేట్ ఉత్పత్తుల్లో దాన్ని నిషేధించింది. నోనైల్‌ఫినాల్ నుంచి తయారయ్యే రకాల మీద కూడా అక్కడ 2003 నుంచే ఆంక్షలు ఉన్నాయి. ట్యాంకు కడిగిన నీళ్ళు చెరువు, కాలువ దరిదాపుల్లో పోయకండి. చేతికి తొడుగు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. ఆకు మైనాన్ని దాటించే పదార్థం మందును మన చర్మం దాటి కూడా సులువుగా పంపగలదు.

జవాబు: తేనెపెట్టె

పక్క చేలల్లో ఏమైనా పూతలో ఉందా అని ఎవరూ అడగలేదు. నేను తేనెటీగలు పెంచుతాను, అందుకని అడుగుతున్నాను.

స్పైనెటోరమ్ తడిగా ఉన్నప్పుడు తేనెటీగకు చాలా ప్రమాదం, ఎండాక చాలావరకు తగ్గుతుంది. సిలికాన్ స్ప్రెడర్ విషయం చాలామందికి తెలియదు. 2012లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన పనిలో, ఆ రకం స్ప్రెడర్ తాగిన తేనెటీగలు వాసనను ఆహారంతో జతపరిచి గుర్తుపెట్టుకోవడంలో వెనకబడ్డాయి. పూల వాసన నేర్చుకోవడం మీదే వాటి బతుకు ఆధారపడి ఉంది. పొలంలో జరిగేదంతా ప్రయోగశాలలో జరిగినట్టే ఉండకపోవచ్చు, కానీ జాగ్రత్త పడటానికి అది చాలు. మీ చేనులో పూసిన కలుపు ఉన్నా సరే, అది కూడా పూతే.

దయచేసి సాయంత్రం, ఈగలు గూళ్ళకు చేరాక కొట్టండి.

ఉల్లిమడి

ముగ్గురికీ ఎంతో కృతజ్ఞతలు. షాంపూ ఆలోచన పూర్తిగా మానుకున్నాను. పక్కన పొద్దుతిరుగుడు పూతకు వస్తోంది, తేనెపెట్టె గారు అడిగింది మంచిదైంది.

నాజిల్‌పని గారూ, ఇంకొన్ని అనుమానాలు. పొద్దున పత్రరంధ్రాలు తెరుచుకుని ఉంటాయి కాబట్టి సిలికాన్ స్ప్రెడర్‌తో కొట్టే మందు పొద్దునే కొట్టాలని చదివాను. సాయంత్రం కొడితే పని చేస్తుందా? నా దగ్గర ఇంకో రెండు సీసాలున్నాయి, రెంటి మీదా "పరుస్తుంది, అంటిస్తుంది, చొప్పిస్తుంది" అనే ఉంది గాని లోపల ఏ పదార్థం ఉందో స్పష్టంగా లేదు. ఏది ఏదో ఎలా తెలుసుకోవాలి? తర్వాత కలుపు మందు కొట్టాల్సి ఉంది. వెడల్పాకు కలుపుకు ఆక్సీఫ్లోర్ఫెన్, గడ్డికి క్విజాలోఫాప్. వాటికి కూడా స్ప్రెడర్ కలపాలా? మిగిలిపోయిన మందు నీళ్ళు మర్నాటికి ఉంచుకోవచ్చా?

జవాబు: నాజిల్‌పని

సాయంత్రమే కొట్టండి. తలతన్యత 20 ప్రాంతానికి దిగిన ద్రవం తెరిచి ఉన్న పత్రరంధ్రాల గుండా నేరుగా లోపలికి పోగలదు, అది నిజమే. ఆ దారి మీద ఆధారపడి కొన్ని కలుపు మందులు వెంటనే వచ్చే వాన నుంచి తప్పించుకుంటాయి. కానీ స్పైనెటోరమ్‌కు అది ఒక్కటే దారి కాదు, మైనపు పొర గుండా కూడా మెల్లగా ఇంకుతుంది. బొట్టు తడిగా ఉన్నంతసేపు ఆ ఇంకడం చురుగ్గా సాగుతుంది, ఎండిపోయాక బాగా మందగిస్తుంది. సాయంత్రం గాలిలో తేమ ఉంటుంది, బొట్టు ఆలస్యంగా ఎండుతుంది. మందుకూ మేలు, తేనెటీగకూ మేలు.

మాంకోజెబ్‌కు మాత్రం సాయంత్రం సరిపడదు. అది మంచు పడకముందే ఆకు మీద గట్టిగా ఎండాలి. పొద్దున మంచు ఆరాక కొట్టండి, ఎండ ముదరకముందు ముగించండి. చూశారా, రెంటికీ వేళ కూడా వేరే. రెండుసార్లు నడవాలంటే శ్రమే, నాకు తెలుసు. అయినా మందు నేల మీద పోసుకుని మళ్ళీ కొట్టడం కన్నా అది చిన్న శ్రమ. ఎండిన మాంకోజెబ్ పొర మీద సిలికాన్ నీళ్ళు మళ్ళీ పడితే పొడి తిరిగి తడిసి జారుతుంది. కాబట్టి ముందు పురుగు మందు సాయంత్రం, తర్వాతి రోజుల్లో పొద్దున మచ్చ మందు. ఈ వరస మారకుండా చూసుకోండి.

సీసాల సంగతి ఇంటి దగ్గరే తేలుతుంది. తొడుగు వేసుకుని, ఒక్కోదాన్ని లీటరుకు 1 మి.లీ. లెక్కన వేరువేరు గ్లాసుల్లో కలపండి, ఒక గ్లాసులో ఏమీ కలపని నీళ్ళు. ఆ గ్లాసులు మళ్ళీ తాగడానికి వాడకండి. శుభ్రమైన పాలిథిన్ షీటును బల్ల మీద పరిచి, సిరంజితో సమానమైన బొట్లు పక్కపక్కనే వేయండి. ఉత్త నీటి బొట్టు ఉబ్బుగా నిలుస్తుంది. మామూలు నాన్ అయానిక్ బొట్టు కాస్త చదునై అక్కడే ఆగుతుంది. సిలికాన్ బొట్టు మీరు చూస్తుండగానే పాకి, పల్చటి తడి మచ్చగా మారుతుంది. దాన్ని పోల్చుకోవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. తర్వాత అవే నీళ్ళలో కొంచెం మాంకోజెబ్ కలిపి ఉల్లి ఆకులు ముంచి, నీడలో పూర్తిగా ఎండనివ్వండి. ఎండాక ప్రతి ఆకు మీదా నెమ్మదిగా మంచినీళ్ళు పోయండి. ఏ ఆకు మీద పసుపు పూత ఎక్కువ మిగిలిందో ఆ సీసాలో అంటించే గుణం ఉంది. సీసా మీది మాటల కన్నా నేను ఈ ఆకునే నమ్ముతాను.

నీరు తగిలితే పసుపు నుంచి నీలానికి మారే కాగితం ముక్కలు కూడా దొరుకుతాయి. ఒకటి మొవ్వు దగ్గర, ఒకటి బయటి ఆకు మీద గుచ్చి, ఉత్త నీళ్ళతో కొట్టి చూస్తే బొట్లు ఎక్కడ పడుతున్నాయో తెలుస్తుంది. స్ప్రెడర్ కలిపితే ఆ మచ్చలు వెడల్పవుతాయి, అందుచేత మచ్చ సైజును బట్టి బొట్టు సైజు అంచనా వేయకండి.

ఇప్పుడు కలుపు మందులు. ఇక్కడ చాలా జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే మీరు అడిగిన రెంటికీ జవాబులు ఎదురెదురుగా ఉన్నాయి.

ఆక్సీఫ్లోర్ఫెన్‌కు స్ప్రెడర్ గాని నూనె గాని ద్రవ ఎరువు గాని కలపకూడదు. అది తగిలిన చోట కణాలను కాల్చే మందు. ఉల్లి దాన్ని తట్టుకోవడానికి ఒక ముఖ్య కారణం నేను మొదట్లో చెప్పిన ఆ మైనమే. కలుపు ఆకు మీద బొట్టు నిలుస్తుంది, ఉల్లి ఆకు మీద దొర్లిపోతుంది. ఏ గుణం మాంకోజెబ్‌కు అడ్డొచ్చిందో అదే గుణం ఇక్కడ పైరును కాపాడుతోంది. స్ప్రెడర్ కలిపారంటే ఆ రక్షణను మీ చేతులతో తీసేసినట్టే, ఆకుల మీద తెల్లని కాలిన మచ్చలు వస్తాయి. అదే కారణంగా, మబ్బు పట్టి చల్లగా ఉన్న రోజుల తర్వాత వెంటనే కొట్టకండి, ఆ సమయంలో మైనం పల్చగా ఉంటుంది. సిలికాన్‌తో పురుగు మందు కొట్టిన వెంటనే కూడా వద్దు. ట్యాంకులో, గొట్టంలో పాత స్ప్రెడర్ మిగలకుండా బాగా కడగండి. పైరు ఏ దశలో ఉన్నప్పుడు కొట్టవచ్చో, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో లేబుల్ చూడండి. గడ్డ ఊరే దశ వచ్చేసింది కాబట్టి మీ విషయంలో ఆ రెండూ ముఖ్యమే.

క్విజాలోఫాప్ దీనికి పూర్తిగా భిన్నం. అది గడ్డి ఆకులోంచి ఇంకి, పెరిగే మొవ్వు దాకా చేరితేనే గడ్డి చస్తుంది. ఉల్లి దాన్ని తనలోని జీవరసాయన స్వభావం వల్లే తట్టుకుంటుంది, మైనంతో దానికి పని లేదు. అందుకే దానికి తోడు పదార్థం కలపమని చాలా లేబుళ్ళు చెబుతాయి: పంట నూనె రకమైతే నీటిలో 1 శాతం, నాన్ అయానిక్ అయితే 0.25 శాతం, అంటే లీటరుకు 2.5 మి.లీ. మీ లేబుల్ ఏది చెబితే అది. ఈ రెండు కలుపు మందులనూ ఒకే ట్యాంకులో మాత్రం పోయకండి. ఒకదానికి అవసరమైన నూనె ఇంకొకదాని చేత పైరును కాల్పిస్తుంది.

గట్ల మీద గ్లైఫోసేట్ వాడే అలవాటుంటే ఒక ముక్క. మీ బోరు నీటిలోని కాల్షియం దాన్ని కట్టిపడేస్తుంది, స్ప్రెడర్ ఎంత పోసినా ఆ ముడి వీడదు. దానికి అమ్మోనియం సల్ఫేట్ లీటరుకు 10 నుంచి 20 గ్రాములు, గ్లైఫోసేట్ కన్నా ముందే నీటిలో కరిగించాలి. అది స్ప్రెడర్ కాదు, నీటిని సరిచేసే ఉప్పు.

కలిపే వరస: ట్యాంకులో సగం నీళ్ళు. పొడి మందును వేరే పాత్రలో కొద్ది నీళ్ళతో జారుగా కలిపి పోయాలి. తర్వాత చిక్కని ద్రవ మందులు, ఆ తర్వాత నూనెలా ఉండి నీటిలో పాలలా మారేవి. నీళ్ళు దాదాపు నిండాక చివరగా స్ప్రెడర్, ఒక్కసారి నెమ్మదిగా కలియబెట్టడం. ముందే పోస్తే నీళ్ళు నింపేటప్పుడు నురగ పొంగుతుంది. కొత్త జంట ఏదైనా మొదట గాజు సీసాలో అదే నిష్పత్తిలో కలిపి అరగంట ఉంచి చూడండి. విరిగినా, గడ్డ కట్టినా, అడుగుకు దిగి మళ్ళీ కలవకపోయినా ఆ జంట ట్యాంకులోకి వద్దు.

మర్నాటికి ఉంచడం కుదరదు. ట్రైసైలోక్సేన్ నీటిలో కలిసిన క్షణం నుంచి విడిపోవడం మొదలవుతుంది. నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) 7 దరిదాపుల్లో ఉంటే కొంతకాలం ఆగుతుంది, 5కు దిగువన గాని 9కి పైన గాని అయితే తొందరగా పాడవుతుంది. కొన్ని పురుగు మందులకు కూడా క్షార గుణం ఉన్న నీళ్ళు పడవు. మీ బోరు నీటి పీహెచ్ ఒకసారి కాగితంతో చూసుకోండి. ఆ పూట కొట్టే స్థలానికి ఎన్ని నీళ్ళు కావాలో లెక్క ఎలాగూ తీశారు కాబట్టి అంతే కలపండి. కొంచెం మిగిలితే పది రెట్లు నీళ్ళు పోసి, అప్పటికే కొట్టిన చేనులోనే వేగంగా నడుస్తూ పలచగా చల్లేయండి.

ఉల్లిమడి

పాలిథిన్ మీద రెండు సీసాలూ చూశాను. ఒకటి వెంటనే పాకింది, ఇంకోటి అక్కడే ఆగింది. ఆగిన దానితో మాంకోజెబ్ ముంచిన ఆకులు ఇప్పుడు నీడలో ఆరుతున్నాయి. నీళ్ళు పోసి చూశాక ఫోటోలు పెడతాను. ఈలోగా నాజిల్ మార్చాను, పాతదాని రంధ్రం ఒక వైపు అరిగి ఉంది.